ముందు ఆ జేసీబీని వద్దనండి: ఊరి చిట్టడవి బాగు చేయడం గురించి

కందుకూరు వైపు ఒక ఊరు. చెరువు వెనక గుట్ట వాలులో 60 ఎకరాల చిట్టడవి. సగం చిల్లకంప (సర్కారు తుమ్మ), మిగతా సగం కలే, బలుసు, రేగు పొదలు, అక్కడక్కడా వేప, తుమ్మ. ఊళ్లో కుర్రాళ్లు చందాలు వేసుకున్నారు, పంచాయతీ సరేనంది. కంపంతా జేసీబీతో చదును చేయించి, మంచి మొక్కలు నాటి, వాకింగ్ ట్రాక్ వేసి, పిల్లలకి ఆడుకునే చోటు చేయాలి. నెమళ్లు, కుందేళ్లు, పిట్టలు కూడా ఉండాలి. ఎక్కడ మొదలుపెట్టాలి? మీరు అడిగింది ఇదే కదా.

తమ్ముడూ, జేసీబీకి అడ్వాన్సు ఇచ్చి ఉంటే ఇవాళే ఫోన్ చేసి వద్దనండి. అడ్వాన్సు పోతే పోయింది. మీకు కావలసిన అడవి ఆ కంపలోనే ఉంది. అందులో ఏది తీయాలో, ఏది ముట్టుకోకూడదో బండికి తెలియదు. దాని తొట్టికి కలే పొదైనా చిల్లకంపైనా ఒకటే.

ఈ సంగతి నాకు తప్పు చేశాకే తెలిసింది. నేను అటవీశాఖ మనిషిని కాదు. వాటర్‌షెడ్ పనుల్లో ఫీల్డు సూపర్‌వైజరుగా కనిగిరి, పొదిలి, ఉదయగిరి వైపు ఇరవై ఏళ్లకు పైగా తిరిగాను. ఆ పనిలో చేరిన కొత్తలో పొదిలి వైపు ఒక గుట్ట కింద ముప్పై ఎకరాల బీడు నాకప్పగించారు. ట్రాక్టరు పెట్టి పొదలన్నీ లాగించాను. చూడటానికి పండగ ముందు అలికిన వాకిలిలా ఉంది. జులైలో కానుగ, గుల్‌మొహర్, సుబాబుల్ నాటించి ఫొటోలు దిగాం. ఆగస్టంతా ఎండ, సెప్టెంబరంతా ఎండ. అక్టోబరులో అసలు వాన దిగేసరికి సగం గుంతల్లో ఎండు పుల్లలే ఉన్నాయి. ఆ వానకి గుట్ట మీది మన్నంతా జారి కింద కంది చేలలో పడింది. ఆ రైతులు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. మరుసటి ఏడాది చిల్లకంప లేచింది, ఈసారి మోడుకి పది పిలకల చొప్పున.

ఆ ముప్పై ఎకరాల్లో ఒక్క మూల మిగిలింది. అంకమ్మ గుడి చుట్టూ అరెకరం. గొర్రెలు కాసుకునే ఒక పెద్దాయన ట్రాక్టరుకి అడ్డంగా కూర్చుని, అమ్మ నీడ తీస్తే ఒప్పుకోనన్నాడు. అప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు ఆ దారిన వెళ్తే బండి ఆపి చూసేది ఆ అరెకరమే. పాల చెట్లు, అల్లి, ఊడుగ, కింద కలే పొదలు. పొద్దుగూకే వేళ కౌజుల అరుపు అక్కడి నుంచే వస్తుంది, మేం నాటిన తోటలోంచి కాదు.

మన కోస్తా వైపు, ముఖ్యంగా నెల్లూరు నుంచి కందుకూరు దాకా, అడవి ఆకాశాన్నంటే చెట్లతో ఉండదు. చిన్న దళసరి ఆకులు, వేసవిలో కూడా చాలావరకు పచ్చగా ఉండే పొట్టి చెట్లు, వాటి కింద ముళ్ల పొదలు. ఈ తరహా అడవి పెద్ద ఎత్తున మిగిలింది శ్రీహరికోట దీవిలో. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. జనం రాకపోకలకి అడ్డుకట్ట పడింది, అడవి నిలబడింది. మిగతా చోట్ల కట్టెల కోసం, మేకల కోసం, సరుగుడు, జామాయిల్ తోటల కోసం నరుక్కుంటూ వచ్చాం. నరగ్గా మిగిలిన దాన్ని పనికిరాని కంప అంటున్నాం. ఆ కంపని నమ్ముకుని బతికినవాళ్లు మన దగ్గరే ఉన్నారు. ఉదయగిరిలో చెక్క చెంచాలు, గరిటెలు చేసేవాళ్లు కలివి, బిక్కి, నర్ది లాంటి పొట్టి చెట్ల కర్రే వాడతారు. బతికుంటే బలుసాకు తినవచ్చు అన్న సామెతలో బలుసు కూడా ఈ పొదే.

కలివి కోడి సంగతి వినే ఉంటారు. 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డాన్ దొర పేరు మీద ఇంగ్లీషువాళ్లు పిలిచే పిట్ట. 1900 తర్వాత ఎవరికీ కనపడకపోతే అంతరించిపోయిందనుకున్నారు. మళ్లీ 1986లో వెలిగొండలకి అవతల, కడప జిల్లా లంకమల దగ్గర దొరికింది. అది దొరికింది మహావృక్షాల కింద కాదు. ముళ్ల పొదలు, వాటి మధ్య మనిషి నడిచేంత ఖాళీ నేల, అదీ దాని చోటు. మీ గుట్ట మీద కలివి కోడి ఉంటుందని ఆశ పెట్టడం లేదు. పొదా ఖాళీ, పొదా ఖాళీగా ఉండే నేలని శుభ్రం చేస్తే ఏం పోతుందో గుర్తుంటుందని చెప్పాను.

ఇక పనిలోకి వద్దాం. మొదటిది కాగితం. అడంగల్‌లో ఆ సర్వే నంబరు ఎదురుగా ఏం రాసుందో చూడండి. గుట్ట పోరంబోకా, మేత పోరంబోకా, చెరువు పోరంబోకా, లేక రిజర్వు ఫారెస్టా. పంచాయతీ తీర్మానం చేసినంత మాత్రాన భూమి పంచాయతీది కాదు. రిజర్వు ఫారెస్టయితే 1967 అటవీ చట్టం కింద అనుమతి లేకుండా బాట వేసినా కేసే. రెవెన్యూ భూమైనా ధీమాగా ఉండటానికి లేదు. 1996 డిసెంబరులో గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, భూమి ఎవరి పేరున ఉన్నా అడవిలా ఉంటే అడవే అన్న అర్థంలో ఉత్తర్వులిచ్చింది. చెట్టు కొట్టాలంటే నీరు, భూమి, చెట్ల రక్షణకి 2002లో చేసిన వాల్టా చట్టం కూడా ఉంది. తహసీల్దారు ఆఫీసుకి ఒకసారి, అటవీ రేంజి ఆఫీసుకి ఒకసారి వెళ్లి రాతపూర్వకంగా అడగండి. ఆలస్యమవుతుంది, కాళ్లు అరుగుతాయి. కానీ రెండేళ్లు కష్టపడ్డాక ఎవరో అర్జీ పెడితే పడే టెన్షన్ కంటే ఇది నయం.

రెండోది, ఒక వేసవి, ఒక వానాకాలం ఏమీ చేయకుండా చూడటం. కుర్రాళ్లకి ఇది నచ్చదని తెలుసు. చందాలు వేసుకున్నవాళ్లు ఏదో ఒకటి కనపడాలంటారు. వాళ్లకి ఈ చూసే పనే అప్పజెప్పండి. మీ ఊళ్లో యానాది కుటుంబాలు ఉంటే వాళ్లలో పెద్దవాళ్లని ఒకరిద్దరిని పిలవండి. ఊరికే పిలవకండి, రోజు కూలి ఇచ్చి పిలవండి. ఏ పుట్టలో ఏముందో, ఏ బండ కింద ఏం పడుకుంటుందో వాళ్లకి తెలిసినట్టు నాకు ఈ రోజుకీ తెలియదు. తెల్లవారుజామున వాళ్ల వెనక నడవండి. బండ మీద ఈత గింజలతో నిండిన పెంట కనపడితే పునుగు పిల్లి తిరుగుతోందని లెక్క. రేగు గింజలు నిండుగా ఉంటే నక్క కావచ్చు. ముళ్లు రాలి ఉంటే ఏదుపంది. నక్షత్ర తాబేలు కనపడితే ఫొటో తీసుకోండి, చోటు మాత్రం ఫోన్ గ్రూపుల్లో పెట్టకండి, పట్టుకుపోయేవాళ్లు ఉన్నారు. ఎక్కడ ఏం కనపడిందో ఒక కాగితం మీద పటంలా గీసుకుంటూ పోండి. సంవత్సరం తిరిగేసరికి, ఎక్కడ చేయి పెట్టకూడదో ఆ పటమే చెబుతుంది.

ఆ పటంలో తప్పకుండా గుర్తు పెట్టాల్సినవి ఉన్నాయి. పుట్టలు పెట్టండి, ఉడుములు వాటిలో గుడ్లు పెడతాయి. ఎండిపోయిన తాటి మోళ్లు, తొర్రలున్న చచ్చిన చెట్లు పెట్టండి. 2018లో మన రాష్ట్ర పక్షిగా ప్రకటించిన రామచిలుకకీ, పాలపిట్టకీ, పైడికంటె అనే చిన్న గుడ్లగూబకీ ఇల్లు అదే. అందం పాడవుతోందని పార్కుల్లో మొదట కొట్టేసేది ఈ మోళ్లనే. అలాగే రాలిన ఆకుని ఊడ్చి తగలబెట్టే అలవాటు మానండి. నేల మీద గుడ్లు పెట్టే పిట్టలకి ఆ ఆకే పక్క, ఆ ఆకే ముసుగు.

ఇప్పుడు చిల్లకంప. దాన్ని తీయాల్సిందే, అందులో నాకు మొహమాటం లేదు. 1877లో జమైకా నుంచి తెచ్చిన గింజల్ని కడప జిల్లా కమలాపురంలో వేశారు. కట్టెల కరువు తీరుతుందని తెచ్చిన చెట్టు. తీర్చింది కూడా. మన జిల్లాల్లో బొగ్గు బట్టీలు దాని మీదే బతుకుతున్నాయి. కానీ దాని కింద వేరే మొక్క లేవడం అపురూపం, గడ్డి కూడా సరిగా రాదు. దట్టంగా అల్లుకున్న చిల్లకంప అడవి పందులకి మాత్రం కోట.

తీసే పద్ధతి ఉంది. నేల మట్టానికి కొట్టి వదిలేస్తే మళ్లీ లేస్తుంది. వేరు మొదలు చుట్టూ తవ్వి, అడుగు లోతు వరకు దుంపతో సహా పెకలించాలి. పిలక వచ్చే కళ్లన్నీ ఆ పై అడుగులోనే ఉంటాయి. నేల నానినప్పుడు పలుగు, పారతో ఈ పని తేలిక. ఒకేసారి మొత్తం తీయకండి. ఏడాదికి నాలుగో వంతు, అదీ ముక్కలు ముక్కలుగా. పక్కన కలే పొదో, బలుసు పొదో ఉంటే ముందు దాని చుట్టూ ఉన్న చిల్లని తీయండి, దానికి వెలుతురు తగిలితే చాలు. గుట్ట వాలు నిటారుగా ఉన్న చోట తీసీ తీయకముందే అడ్డంగా చిన్న చిన్న కందకాలు వేయాలి, లేకపోతే నాకు పడ్డ తిట్లు మీకూ పడతాయి. పిట్టలు ఎక్కువగా గూళ్లు పెట్టేది ఫిబ్రవరి నుంచి జులై దాకా కాబట్టి, నరికే పని ఆగస్టు నుంచి జనవరి లోపు పెట్టుకోండి. సరిహద్దు వెంట ఉన్న చిల్ల వరస మాత్రం చివరిదాకా ఉంచండి. మీరు లక్షలు పోసి కట్టించే కంచె కంటే అది గట్టిది, ఉచితం. లోపల మన చెట్లు నడుముల ఎత్తుకి వచ్చాక దాని సంగతి చూడొచ్చు.

తీశాక అయిపోయిందనుకోకండి. చిల్ల కాయలు తీపి, మేకలూ పశువులూ ఇష్టంగా తింటాయి, గింజ పెంటలో బయటపడి మొలుస్తుంది. నేలలో ఉన్న గింజలు ఏళ్ల తరబడి కాచుకుని ఉంటాయి. ప్రతి ఏడూ వానలు పడ్డాక నాలుగు రోజులు ఊరంతా కలిసి మొలకలు పీకాలి. బడి పిల్లలతో కూడా చేయించవచ్చు, చేతులకి గోనెగుడ్డ చుట్టుకుంటే చాలు. కర్ర అమ్మిన డబ్బుతో కూలి చాలావరకు గిట్టుబాటవుతుంది. బొగ్గు బట్టీవాళ్లతో ముందే మాట్లాడుకోండి. ఒక్క షరతు పెట్టండి: దుంపతో తీస్తేనే కర్ర వాళ్లది.

ఈ పని జరుగుతుండగానే మీకు ఒక వింత కనపడుతుంది. మీరు నాటనివి లేస్తాయి. మేకలు కొరికి, కత్తులు కొట్టి గుబురుగా మిగిలిన మోళ్ల కింద ముసలి వేళ్లు ఉంటాయి. మోకాలెత్తు పాల మోడు కింద ఉన్న వేరు మీ తాతల నాటిది కావచ్చు. దానికి మూడేళ్లు మేక నోరు తగలకపోతే, మీరు నర్సరీలో పెంచి తెచ్చిన ఏ మొక్కా దానితో పోటీపడలేదు. ఒక మోడుకి పది పదిహేను పిలకలు వస్తే రెండు మూడు బలమైనవి ఉంచి మిగతావి కోసేయండి. అన్ని మోళ్లకీ అలా చేయకండి, సగం గుబురుగానే వదలండి. ముళ్ల గుబురులోనే కౌజు రాత్రి తల దాచుకుంటుంది.

మొక్కలు నాటొద్దా అంటే, నాటండి, కొన్నే. అసలు ఏమీ లేని ఖాళీల్లో నాటండి. ఎప్పుడు అన్నది ఏం నాటాలి అన్నదానికంటే ముఖ్యం. 1950లో అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీగారు వనమహోత్సవం మొదలుపెట్టినప్పటి నుంచి దేశమంతా జులైలో నాటడం ఆనవాయితీ. నైరుతి వాన బలంగా పడే చోట అది సరిపోతుంది. నెల్లూరులో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపు పడుతుంది. కందుకూరు, ఒంగోలు తీరానిదీ దాదాపు అదే వరస. మార్కాపురం, దోర్నాల వైపైతే కొంచెం ముందే నాటుకోవచ్చు. మీరు మాత్రం హస్త కార్తె దాకా ఆగండి. చిత్తలో ఒక గట్టి వాన పడి, జానెడు లోతు నేల తడిశాక నాటండి. గుంతలు మాత్రం వేసవిలోనే, మూరెడు లోతు తీసి ఎండనివ్వండి. నవంబరు తుపాన్లు వస్తాయి కనుక ఊతకర్ర కట్టండి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను నెల్లూరు తీరం పక్కగా పోయి బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నాకు తెలిసిన ఒక తోటలో ఎత్తుగా పెంచి తెచ్చిన గుల్‌మొహర్లు వరసగా పడిపోయాయి. పక్కనే ఉన్న పాల చెట్లకి ఆకులు మాత్రం రాలాయి.

ఏం నాటాలి: పిట్టలకి పండ్లిచ్చేవి ముందు. మర్రి, రావి, జువ్వి, మేడి ఒక్కొక్కటి రెండు మూడు చాలు, అవి ఎదిగితే వాటి కింద మిగతా గింజలన్నీ పిట్టలే తెచ్చి వేస్తాయి. నేరేడు, నక్కెర, ఉసిరి, ఊడుగ, చింత. గుట్ట పైన సుండ్ర, తెల్లతుమ్మ, రేల. చెరువు అంచున నీళ్లలో నిలబడే కడప చెట్లు వేయగలిగితే వేయండి. సూళ్లూరుపేట దగ్గర నేలపట్టు చెరువులో గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టేది వాటి మీదే. కోనోకార్పస్, జామాయిల్ దగ్గరికి రానివ్వకండి. ఎవరో ఒకరు ఉచితంగా ఇస్తామని వస్తారు, వద్దనడం నేర్చుకోండి. విత్తన బంతుల గురించి కూడా అడుగుతారు. వేసవిలో గుట్ట మీద విసిరితే చీమలకి, ఎలుకలకి విందు చేసినట్టే. విసరాలనుంటే అక్టోబరులో, చిల్ల తీసిన తడి నేలలో, పైన కాస్త మన్ను కప్పి పెట్టండి. అప్పుడు దాన్ని విత్తడం అంటారు.

మొదటి వేసవి మాత్రం నీళ్లు పోయాలి. మొక్కకి ఒక పాత కుండ పాతి, అడుగున చిన్న చిల్లి పెట్టి, అందులో గుడ్డ పేలిక దూర్చితే వారానికి ఒకసారి నింపినా బతుకుతుంది. రెండు వందల మొక్కలు ఇలా బతికించుకోవడం రెండు వేలు నాటి లెక్క చెప్పుకోవడం కంటే కష్టం. అందుకే చాలామంది రెండో పని చేస్తారు.

జేసీబీకి పని లేదనలేదు. ఒక్క రోజు పని ఉంది. గుట్ట నీళ్లు దిగే వంక పక్కన ఒక కుంట తవ్వండి. నాలుగు వైపులా నిట్టనిలువుగా తవ్వితే తాబేళ్లూ కుందేటి పిల్లలూ పడి చస్తాయి. కనీసం ఒక వైపు పశువు నడిచి దిగేంత వాలు ఉండాలి. సిమెంటు తొట్లు కట్టేవాళ్లకీ ఇదే మాట, లోపల రాళ్లు మెట్లుగా పేర్చండి. కందకాలు, కుంటల పని ఉపాధి హామీలో పెట్టించుకోవచ్చు, కానీ ఆ పనుల్లో యంత్రం పెట్టకూడదు. రెండిటినీ కలిపి బిల్లు చేయబోయి ఇరుక్కోకండి. కుంట నడక బాటకి దూరంగా, కనపడకుండా ఉండాలి. నీళ్లున్న చోటికే ఉచ్చులు పెట్టేవాళ్లూ వస్తారు కాబట్టి వేసవిలో వారానికి రెండుసార్లు ఎవరో ఒకరు చుట్టూ తిరిగి తీగలున్నాయేమో చూడాలి. పందుల కోసం చేలగట్ల మీద కరెంటు తీగ లాగే అలవాటు మీ వైపు ఉంటే, ముందు ఊళ్లో ఆ మాట తేల్చుకోండి. అది మనుషుల్ని కూడా చంపుతోంది.

ఇక మనుషుల సంగతి. 60 ఎకరాలంటే చదరంగా ఉంటే చుట్టూ రెండు కిలోమీటర్లు వస్తుంది. అందరికీ మొదట తట్టేది చుట్టూ ట్రాక్ వేద్దామని. వేయకండి. చుట్టూ మనిషి తిరిగితే లోపలి జంతువుకి వెళ్లే దారి ఉండదు. ఊరి వైపు ఇరవై ఎకరాలు మనుషులకి, వెనక నలభై ఎకరాలు వాటికి. ఇరవై ఎకరాల్లోనే వంకర టింకరగా ఒక కిలోమీటరు బాట వస్తుంది. కొత్తగా గీయకండి, మేకలు తొక్కిన దారులున్నాయి చూడండి, వాటిని కలుపుకుంటూ పోండి. మేక ఎప్పుడూ తేలికైన వాలునే పట్టుకుంటుంది. నాలుగడుగుల వెడల్పు చాలు. సిమెంటు వద్దు, బురదయ్యే చోట గ్రావెల్ వేయండి. పైన కొమ్మలు ఒకదానికొకటి తగులుతూ ఉండనివ్వండి. మీ అదృష్టం బాగుండి దేవాంగ పిల్లి (చెట్ల మీద తిరిగే చిన్న లోరిస్) ఉంటే, అది దూకదు, కొమ్మ పట్టుకుని కొమ్మ మీదికి పాకుతుంది. బాట పైన ఆకాశం కనపడేలా కొడితే దాని దారి తెగినట్టే.

ఒక చోట మాత్రం నేను రాజీపడతాను. ఆడవాళ్లు ధైర్యంగా నడవాలంటే మలుపులో ఎవరున్నారో కనపడాలి. అందుకని బాటకి రెండు పక్కలా మూడడుగుల మేర పొదల్ని మోకాలెత్తుకి కత్తిరించండి. పాము భయం కూడా తగ్గుతుంది. రక్తపింజరి మన నేలలో ఉన్నదే, దాచి లాభం లేదు. పొద్దు గూకాక గేటు వేసేయండి, లైట్లు పెట్టకండి. రోజూ తెల్లవారుజామున వేగంగా నడిచేవాళ్లకి, షుగరు ఉన్న పెద్దవాళ్లకి అడవి బాట అక్కర్లేదు. వాళ్లకి చెరువు కట్ట బాగు చేసి ఇవ్వండి. చదునుగా ఉంటుంది, గాలి వస్తుంది, నీటి పిట్టలు కనపడతాయి. వందలో ఎనభై మంది అక్కడే సంతోషంగా తిరుగుతారు, అడవి మీద ఒత్తిడి సగం తగ్గుతుంది.

కార్తీకమాసం మీకు అసలు పరీక్ష. వనభోజనాలంటే ఒకే ఆదివారం వెయ్యి మంది రావచ్చు, అదీ మీ కొత్త మొక్కలు వేళ్లు తన్నుకునే వేళ. వాళ్లని వద్దనలేరు, అనకూడదు కూడా. గేటు పక్కనే ఎకరం స్థలం దానికి కేటాయించి, నాలుగు ఉసిరి చెట్లు పెట్టి, పొయ్యిలకి రాళ్ల గూళ్లు కట్టండి. అక్కడ తప్ప ఎక్కడా నిప్పు పెట్టకూడదు. విస్తరాకులు, ప్లేట్లు వేయడానికి గుంత, రెండు మరుగుదొడ్లు, నీళ్ల కుళాయి. మరుగుదొడ్ల మాట ఎత్తానని నవ్వకండి. ఊరి పక్క అడవిని ఊరు ఇన్నాళ్లూ దేనికి వాడుతోందో మీకూ తెలుసు. డీజే బాక్సులు గేటు దాటకూడదు. కోతులకి అరటిపండ్లు పెట్టేవాళ్లని మొదటి రోజు నుంచే ఆపండి. ఒకసారి అలవాటు పడ్డాయంటే ముందు పిల్లల చేతుల్లోవి లాక్కుంటాయి, తర్వాత మీ ఇళ్ల పెంకులు లేపుతాయి. కోళ్ల వ్యర్థాలు పారబోసే ఆటోలు రాకుండా చూసుకోండి, అవి వస్తే కుక్కల గుంపు వస్తుంది, కుక్కలు వస్తే కుందేళ్లు మిగలవు.

పిల్లల ఆటస్థలం కూడా ఆ గేటు ఎకరంలోనే. రంగుల జారుడుబల్లలు, సిమెంటు జింక బొమ్మలు కొనకండి. చిల్లకంప తీసిన పెద్ద దుంగలు నాలుగు అడ్డంగా పడేసి, చింత కొమ్మకి ఉయ్యాల కట్టి, చెరువు ఇసుక రెండు ట్రాక్టర్లు పోయండి. చెట్లకి పేరు బోర్డులు పెట్టేటప్పుడు మీ ఊళ్లో పిలిచే పేర్లే రాయండి.

రైతుల మాట మరవకండి. నెమళ్లు పెరిగితే చేలల్లో విత్తనం ఏరుకుంటాయి, పందులు వేరుశనగ తవ్వుతాయి. నెమళ్లు రావాలని గింజలు చల్లే సరదా పెట్టుకోవద్దు. లోపలి చిల్ల తగ్గితే పంది పడుకునే చోటు తగ్గుతుంది, ఆ మేరకు మేలే. అయినా గుట్ట కింద చేలున్న నలుగురు రైతుల్ని మీ కమిటీలో వేసుకోండి. నష్టం జరిగితే మొదట మీకు చెప్పాలి, తీగకి కరెంటు పెట్టేముందు. ఫిబ్రవరి రాగానే చేల వైపు, దారి వైపు పది అడుగుల వెడల్పున ఎండుగడ్డి కోసి అగ్గి గీత తీయడానికి కూడా వాళ్లే మీకు ఆసరా.

అందరికంటే ఎక్కువ పోగొట్టుకునేది మేకలవాళ్లు. మూడేళ్లు మేపొద్దంటే వాళ్లు ఎక్కడికి పోవాలి? 60 ఎకరాలూ ఒక్కసారి మూసేస్తే రాత్రి పూట కంచె తెగుతుంది, తప్పు వాళ్లది కాదు. నాలుగు ముక్కలు చేసి ఒక ముక్క మూయండి, మూడు వదలండి. మూసిన ముక్కలో గడ్డి కోసుకుపోవచ్చు, మంద తోలకూడదు. అది లేచాక రెండోది. మొత్తం పని పది పన్నెండేళ్లు పడుతుంది, పట్టనివ్వండి. ఏ ముక్క ముందు మూయాలో వాళ్లనే చెప్పమనండి. కాపలాకి జీతం ఇవ్వగలిగితే వాళ్లలో ఒకరికే ఇవ్వండి. ఈ మాటలన్నీ మాట్లాడే మీటింగు పంచాయతీ ఆఫీసులో పగలు పెడితే వాళ్లు రాలేరు. మందలు మళ్లాక, చీకటి పడేముందు, చెరువు కట్ట మీద పెట్టండి.